మా ఇంట పగలు నిద్రించు తల్లుల విషయమై

లాకులపేట,
నిడదవోలు మీదుగా.
తేది: 22-7-2002, సోమవారము.

గౌరవనీయులైన సంక్షేమాధికారి గారి సముఖమునకు,

లాకులపేట కాలువగట్టు వీధి, ఇంటి నంబరు 3-41 కాపురస్తురాలు, రిటైర్డు టెలిఫోన్ సూపర్‌వైజరు, ఇవటూరి మాణిక్యాంబ, బి.ఎ., వయస్సు 69, వ్రాసుకొను అర్జీ.

విషయం: నా ఇంటిని "అనుమతి లేని వికలాంగుల వసతి గృహము"గా భావించి, ఈ నెల 31వ తేదీలోగా మూసివేయవలెనని, అందున్నవారిని గుర్తింపు పొందిన గృహమునకు తరలించెదమని తాము పంపిన నోటీసు, దానికి నా సమాధానము, ఒక ఒప్పుకోలు, మూడు కోరికలు.

అయ్యా,

నోటీసు మీది సంతకము ఎంత పరిశీలించినను పేరు తెలియలేదు. తాము అమ్మగారైనచో పై సంబోధనను దిద్దుకొని చదువగోరెదను. ముప్పది నాలుగేండ్ల ఉద్యోగములో నేను బదిలీ రద్దుకు గాని, ప్రమోషనుకు గాని, భర్త విషయమున గాని (ఆయన ప్రసక్తి ఈ కాగితమునకు అనవసరము) ఎవరికీ అర్జీ పెట్టుకొనలేదు. కనుక ఇందులో లోపములున్న అవి అనుభవలేమి వలననే గాని అవిధేయత వలన కాదు. అవిధేయత ఉన్నచోట నేనే చెప్పెదను.

1. మొదటి ఆరోపణ, నేను "సంస్థ" నడుపుచున్నానని.

నా ఇంటిలో కాపురమున్నది ఇద్దరము. నేను, నా కుమార్తె సుప్రియ. ఆమెకు ముప్పది ఎనిమిదేండ్లు. మాటలు రావు. మూర్ఛ కలదు. చేయి పట్టుకొనిన పది అడుగులు నడుచును. తమ ఇన్‌స్పెక్టరు గారు ఆమెను "ఆశ్రయము పొందుచున్న వ్యక్తి" అని వ్రాసినారు. నోటీసు మూడు పుటలు చదివితిని. కూతురు అను మాట ఎక్కడా లేదు.

సోమవారము మొదలు శుక్రవారము వరకు, మధ్యాహ్నము పన్నెండు నుండి నాలుగు వరకు, ఇట్టి పిల్లలు గల ఏడుగురు తల్లులలో ఇద్దరో ముగ్గురో మా ఇంటికి వచ్చెదరు. పిల్లలు హాలులో నా వద్ద ఉందురు. తల్లులు లోపలి గదిలో పడుకొందురు. నాలుగింటికి లేచి, ముఖము కడుగుకొని, పిల్లలను తీసుకొని పోదురు. బోర్డు లేదు, బల్లలు లేవు, మంచినీళ్ళు తప్ప ఇచ్చునది లేదు. దీనిని సంస్థ అనిన, ఎండాకాలములో వెలయు ప్రతి చలివేంద్రమునకును తాము నోటీసు పంపవలసియుండును.

2. రెండవ ఆరోపణ: "యుక్తవయస్సు గల ఏడుగురు స్త్రీలను పగటిపూట తలుపులు మూసి నిద్రింపజేయుచున్నారు."

ఇది నా రిజిస్టరు వలన కలిగిన అపోహ. 12వ తేదీ మధ్యాహ్నము రెండు గంటలకు ఇన్‌స్పెక్టరు గారు వచ్చి గూటిలోని రిజిస్టరు తీసి చూచినారు. అందులోని కాలములు ఇవి: పేరు, వయస్సు, వచ్చిన వేళ, పడుకొనిన వేళ, లేచిన వేళ, రిలీఫ్ ఇచ్చినవారి సంతకము. పిల్లల హాజరు ఉండవలసినచోట ముప్పది రెండేండ్లు, నలుబది ఒక్క ఏండ్లు అని ఉండుట చూచి వారు నివ్వెరపోయినారు. అది నిద్రపోయిన తల్లుల పట్టిక.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన చేతికి ఇట్టి రిజిస్టరు లేనిదే అన్నము సహింపదు. అచట బోర్డు ముందు కూర్చొనిన ఆపరేటరు, మరియొకరు వచ్చి హెడ్‌సెట్ అందుకొని సంతకము చేయువరకు లేవరాదు. దానినే రిలీఫ్ అందుము. 1964 మార్చి నెలలో నాకు నొప్పులు మొదలైన పిమ్మట రెండు గంటలసేపు రిలీఫ్ రాలేదు. నేను బోర్డు వదలలేదు. బిడ్డ స్థితికి దానితో సంబంధము లేదని డాక్టర్లు అనినారు. ఈ మూడు నాలుగు వాక్యములు విషయమునకు చెందినవి కావు. కొట్టివేయబోయి మానితిని.

ఆ మధ్యాహ్నము లోపలి గదిలో తలుపులమ్మ పడుకొనియున్నది. ఈమె ఇల్లిల్లు తిరిగి చేపలమ్ముకొను మనిషి. తొమ్మిదేండ్ల కూతురు రాణికి నడుము నిలువదు. ఎక్కడికైనను చంకనెత్తుకొనియే పోవలెను. ఇన్‌స్పెక్టరు గారు గుమ్మములో నిలిచి ఆమెను లేపినారు. జరిగిన సంభాషణ ఉన్నది ఉన్నట్లు:

"ఎవరమ్మా నువ్వు? ఇక్కడేం చేస్తున్నావు?"

"నిద్రపోతన్నానండి."

"అదే, ఎందుకూ అని."

"నిద్రొచ్చిందండి."

"మీ ఇంట్లో పడుకోవచ్చుగా?"

"మా ఇంటికాడ పిల్లదాన్ని చూడ్డానికి నేనే ఉన్నాను కదండి. నేనుండగా నేనెలా పడుకుంటానండి?"

"నిన్నెవరైనా బలవంతాన ఉంచారా ఇక్కడ?"

"ఆయ్. ఈ అమ్మగారేనండి. నాలుక్కాకుండా లేస్తే ఊరుకోరండి."

ఈ చివరి మాటను వారు వ్రాసుకొనినారు. దానికి ముందున్నవి వ్రాసుకొనలేదు.

3. ఇది ఎట్లు మొదలైనదో తమకు తెలుపవలెను.

రెండేండ్ల క్రిందట ధ్రువపత్రముల శిబిరము జరిగినది. సుప్రియ వైకల్యము ఇంకను ఉన్నదని మూడవ పర్యాయము నిరూపించుటకు ఆమెను రిక్షాలో తీసుకొనిపోయి ఎండలో వరుసలో నిలిచితిని. నా ముందు ఒక కౌలురైతు భార్య, పేరు రామతులసి. ఆమె కొంగు చివర, కొడుకు దుర్గాసాయి మొలతాటికి ముడివేసి ఉన్నది. పిల్లవాడు మాటాడడు, వదలిన పరుగెత్తును. ఆమె నిలిచియే నిద్రపోవుచున్నది. వాడు లాగినప్పుడు నా మీద పడినది.

"తప్పయిపోయిందండి పిన్నిగారూ, కన్నంటుకుపోయింది."

"ఎన్నాళ్ళయిందమ్మా నిద్రపోయి?"

ఆమె ఆలోచించినది. "వీడు పుట్టి తొమ్మిదేళ్ళండి," అనినది. హాస్యమాడుచున్నదనుకొంటిని. కాదు.

ముడి విప్పి నేను పట్టుకొంటిని. ఆమె షామియానా క్రింద నేల మీద రెండు గంటలు పడుకొనినది. వరుసలో ఆమె స్థానము కూడ నేనే కాపాడితిని. ఎనిమిది దినముల పిమ్మట మా గుమ్మము ముందు ప్రత్యక్షమైనది.

"మీ బదులు తీర్చడానికొచ్చానండి. మీరు పడుకోండి, మీ అమ్మాయిగారిని నేను చూస్తాను."

ఊడుపులకు ఒకరి చేలోనికి మరియొకరు పోవుట, తిరిగి వారు వీరి చేలోనికి వచ్చుట ఈ ప్రాంతపు చిన్న రైతుల ఆచారము. కూలి ఉండదు, పనికి పనియే. దానిని బదులు అందురు. నాకు అవసరము లేదని, నా బిడ్డను నేను చూచుకొనగలనని, నీవు మాత్రము అలసినప్పుడెల్ల రమ్మని చెప్పి పంపితిని. ఆమె తలుపులమ్మను తెచ్చినది. తలుపులమ్మ మరి ఇద్దరిని తెచ్చినది. అట్లు రెండేండ్లు వారు పడుకొనిరి, నేను మేలుకొంటిని. రిలీఫ్ ఇచ్చినవారు అను కాలము పొడవునా ఒకటే సంతకము. దానిని చూచుకొని నేను గర్వించుచుంటిని.

(ఇచట అరగంట ఆగవలసివచ్చినది. సుప్రియకు మూర్ఛ వచ్చి తగ్గినది. కలము మంచము క్రిందికి దొర్లినది, అందువలన సిరా రంగు మారినది. దిద్దుబాటుగా భావింపవలదు.)

4. మూడవ ఆరోపణ, చేపల వాసన. ఫిర్యాదుదారు, పొరుగింటి శ్రీ పల్లంరాజు గారు. వాసన నిజము. తలుపులమ్మ గంపను కడిగియే మా ప్రహరీ ప్రక్కన బోర్లించును. అయినను వాసన వాసనయే. వారు గోడ మీదుగా నాతో అనినది, నేను వారితో అనినది దాచను.

"ఏంటండీ మాణిక్యాంబగారూ, చదువుకున్నవారు, మీరే ఇలాగైతే ఎలాగండి? మీ నాన్నగారి రోజుల్లో మీ ఇంట్లోంచి ఉల్లిపాయ వాసన కూడా వచ్చేది కాదు."

"మా నాన్నగారి రోజుల్లో మీరు ఈ గోడ దూకి మా జామకాయలు కోసుకునేవారు పల్లంరాజుగారూ. వాసన చూసే తీరిక మీకెక్కడిది?"

ఈ మాట అనకుండవలసినది. దానికి రెండు వారములకే వారు ఫిర్యాదు వ్రాసినారు. కాని వారి మీద నెపము వేసి నేను తప్పించుకొనలేను. వారి నాలుగవ ఆరోపణ నిజము. అదియే నా ఒప్పుకోలు.

5. ఈ నెల 9వ తేదీ, మంగళవారము.

"తల్లులు నిద్రించుచుండగా ఒక బాలుడు వీధిలోనికి పోయెను" అని నోటీసులో ఉన్నది. తల్లులు నిద్రించుచుండిరి, నిజమే. వారు నిద్రించుటకే వచ్చినారు. మేలుకొని ఉండవలసినది నేను. అంతకు ముందు రెండు దినములు సుప్రియకు వరుసగా మూర్ఛలు వచ్చినవి. రెండు గంటల వేళ హాలులో కుర్చీలో కూర్చొనియుంటిని. సుప్రియ, రాణి చాప మీద. దుర్గాసాయి కిటికీ వద్ద. గేటుకు గొళ్ళెము వేసినానో లేదో ఇప్పటికీ జ్ఞాపకము రాదు. నిద్రపోయితిని. నేను, డ్యూటీలో ఉండి, బోర్డు ముందు కూర్చుని, నిద్రపోయాను.

లేచేసరికి కిటికీ దగ్గర పిల్లవాడు లేడు.

వీధిలోకి పరుగెత్తాను. పరుగెత్తాననుకున్నాను, నా వయస్సుకు అది నడక. కాలువగట్టు మలుపులో, లాకుల కాపలాదారు బుల్లియ్య వాణ్ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నాడు. లాకు తలుపుల సందులోంచి దూకే నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడట. "ఇంకో మెట్టు దిగుంటే నాకు కనబడేవోడు కాదండి," అన్నాడు. మరునాడు వెళ్ళి చూచితిని. ఇంకొక మెట్టు ఉన్నది.

రామతులసి లేచి బయటకు వచ్చినది. అరవలేదు. కొంగుతో వాని కాళ్ళు తుడిచినది.

"గేటెవరు వేశారండి?"

"వెయ్యవలసింది నేనే."

"మీరు కునుకు తీశారాండి?"

నేను ఒక నిమిషము మాటాడలేదు. జీవితములో నేనాడిన ఒకే అబద్ధము ఆ నిమిషము. పిమ్మట అవునని చెప్పితిని. ఆమె పిల్లవానిని తీసుకొని వెళ్ళిపోయినది. ఆ వారమంతయు రాలేదు. రాకపోవుటయే న్యాయమని నేను కూడ అనుకొంటిని.

6. 15వ తేదీ సోమవారము, పన్నెండు గంటలకు, తిరిగి వచ్చినది. వెనుక తలుపులమ్మ.

"కోపమొచ్చిందండి పిన్నిగారూ. అబద్ధమెందుకు, మిమ్మల్ని తిట్టుకున్నాను కూడా. మా ఆయన ఇంక ఆ గుమ్మం తొక్కొద్దన్నాడు. వాణ్ని మంచానికి కట్టి ఊడుపులకెళ్ళానండి మూడ్రోజులు. తాడు ఒరుసుకుపోయి నడుమంతా పుండైపోయింది. దానికంటే మీ కునుకే నయమండి."

"ఇకమీదట అలా జరగదమ్మా. నేను..."

"జరుగుద్దండి. ఎందుక్కాదూ? డెబ్బయ్యేళ్ళొస్తున్నాయి మీకు. రెండేళ్ళ బదులు మా నెత్తిన పెట్టి కూర్చున్నారు మీరు. మా చేలోకి ఊడుపుకొచ్చారు, మీ చేలోకి మమ్మల్ని కాలు పెట్టనివ్వలేదు. అలాగైతే అది బదులు కాదండి, ధర్మం చెయ్యటం. మేం మీ ఇంటికి ధర్మానికి రాలేదండి."

"పడుకోండమ్మగారూ," అనినది తలుపులమ్మ, చాప పరచుచు. "నాలుక్కాకుండా లేస్తే ఊరుకోం."

పడుకొంటిని. నిద్ర రాలేదు. సుప్రియ మూలుగు విని రెండుసార్లు లేచితిని. రెండుసార్లును రామతులసి గుమ్మమునకు అడ్డముగా నిలిచి, "రిలీఫ్ ఇచ్చామండి. సంతకం కూడా పెట్టాను, చూసుకోండి," అనినది. ఆ పిమ్మట ఏమైనదో తెలియదు. రెండు గంటల ఇరువది నిమిషములు నిద్రించితినని రిజిస్టరులో ఉన్నది.

లేచి హాలులోనికి వచ్చుసరికి తలుపులమ్మ సుప్రియకు అన్నము పెట్టుచున్నది. తాను తెచ్చుకొనిన చేపల పులుసుతో. మా ఇంట మూడు తరములుగా నీచు లేదు. సుప్రియ నా చేతి ముద్ద తప్ప తినదని నేను డాక్టర్లకు చెప్పితిని, అన్నదమ్ములకు చెప్పితిని, దానిని ఎక్కడైనా ఉంచమని సలహా ఇచ్చిన ప్రతివారికి చెప్పితిని. నాకు టైఫాయిడు వచ్చిననాడు అది నిజముగా తినలేదు. ఇప్పుడు నోరు తెరచి ముద్దకు ఎదురువచ్చుచున్నది. ముళ్ళు తీసి, మెత్తగా పిసికి, ఉసిరికాయంత ముద్దలు. "ఇంకోటి తల్లీ, ఇంకొక్కటి. మా అమ్మే."

నాకు సంతోషము కలిగినదని వ్రాసిన అది అసత్యము. ముందు కోపం వచ్చింది. నా కుర్చీలో ఎవరో కూర్చున్నట్టు. పెరట్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. నేను పోయాక దీనికి అన్నం ఎవరు పెడతారని ఇరవై ఏళ్ళు ఆలోచించాను. ఏమీ తోచక, నాకంటే ఒక్కరోజు ముందు దాన్ని తీసుకుపొమ్మని దేవుణ్ణి అడగడం మొదలుపెట్టాను. రోజూ అడిగేదాన్ని, దీపం పెట్టినప్పుడు. ఏ తల్లీ అడగకూడదు. ఈ ఏడుగురిలో అడగనివాళ్ళు లేరు, నాకు తెలుసు. ఆ సోమవారం దీపం పెట్టి, అడగకుండా వచ్చేశాను.

7. 18వ తేదీన తమ నోటీసు వచ్చినది. నాటినుండి ఏడుగురిలో నలుగురు రావడము మానినారు. పోలీసు కేసవుద్దని, పిల్లలను బండిలో ఎక్కించుకొని పోతారని వారి ఇండ్లలో భయము. వారిలో ఒకామె నిన్న దారిలో కనబడి, నన్ను చూచి మొగము త్రిప్పుకొనినది. ఆమె కండ్ల క్రింద నల్లని చారలు మరల వచ్చినవి.

తాము తరలింపదలచిన గృహము మంచిదే కావచ్చును. నేను చూడలేదు, కనుక నిందింపను. అది ఇచటికి నూట ఇరువది కిలోమీటర్లు. తల్లులు నిద్రపోవుటకు చోటు అడుగుచున్నారు. బిడ్డలను వదిలించుకొనుటకు కాదు. ఈ రెంటికిని గల భేదమును తమ నోటీసు గుర్తింపలేదు. ఈ అర్జీ అంతయు ఆ ఒక్క భేదము కొరకే.

15వ తేదీ నుండి మా ఇంట ఎల్లవేళల ఇద్దరు మేలుకొని ఉందురు. ముగ్గురమే అయినప్పుడు ఒక్కరే పడుకొందుము. గేటుకు గొళ్ళెము పైకి మార్పించితిని. దానికి రామతులసి ఎద్దు మెడలోని గంట తెచ్చి కట్టినది. నేను పడుకొను వంతు శుక్రవారము అని వారే నిర్ణయించినారు. నన్ను అడుగలేదు.

కావున కోరునది:

అ) మా ఇంటిని సంస్థ అనియు, నా కుమార్తెను ఆశ్రయము పొందుచున్న వ్యక్తి అనియు వ్రాసిన మాటలు కొట్టివేసి, నోటీసు రద్దుచేయవలెను.

ఆ) 9వ తేదీనాటి దోషమును నిద్రించిన తల్లుల మీదగాక నా పేర వ్రాయవలెను. శిక్ష ఉన్నచో అదియు నా పేరనే.

ఇ) పిల్లలనెవరును తీసుకొనిపోరని, తమ కార్యాలయ ముద్రతో ఒక ముక్క వ్రాసి ఇప్పించవలెను. నా మాట ఆ నలుగురి భర్తలు నమ్మరు. ముద్ర చూచిన నమ్మెదరు.

దుప్పట్లు, పండ్లు, మూడు చక్రముల బండి, ఫొటో మాకు వలదు. గత సంవత్సరము ఒక సంఘమువారు ఇచ్చిన బండి రాణికి సరిపడక మా వసారాలో ఉన్నది, అవసరమైనవారున్న పంపగలను.

ఇచట "ప్రార్థించుచున్నాను" అని ముగించవలెనట. ప్రార్థించు అలవాటులో ఒకటి మొన్ననే మానితినని పైన వ్రాసియుంటిని. కనుక కోరుచున్నాను. తాము ఈ కాగితమును ఒక్కపర్యాయము పూర్తిగా చదివి చిత్తగించవలెను. సగము చదివి కాదు.

ఇట్లు,
తమ నోటీసునకు కాక, తమ న్యాయబుద్ధికి విధేయురాలు,
ఇవటూరి మాణిక్యాంబ

తా.క.: నోటీసులో విచారణ 26వ తేదీ, శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటలకని ఉంది. నేను రాలేను. శుక్రవారం నా వంతు. వేరే తేదీ వేయమని అడుగుదామనుకున్నాను, రామతులసి ఒప్పుకోలేదు.

"నేనెళ్ళి చెప్తానండి. మీరు పడుకోండి."

"ఆఫీసులో మాట్లాడటం నీకు వచ్చా?"

"నిద్ర గురించేగా అండీ. మాకంటే ఎవరికొచ్చు?"

ఇంతవరకూ నా మాట ఇంకొకరు మాట్లాడటానికి నేను ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాను. తలుపులమ్మ, ఇంకొకామె ఇక్కడ సుప్రియ దగ్గర ఉంటారు. రామతులసి కొడుకుని తీసుకుని మీ దగ్గరకు వస్తుంది. ఆవిడ ఏం చెబితే అది నేను చెప్పినట్టే.

ఆవిడకి కుర్చీ వేయించండి. "వద్దండి, నిలబడతానండి" అంటుంది. అది మర్యాద కాదు, కూర్చుంటే కన్నంటుకుపోతుందని భయం. అయినా కూర్చోబెట్టండి. మీరు ఫైలు చూస్తుండగా నిద్రపోతే లేపకండి. లేచేదాకా పిల్లవాడి చెయ్యి మీరు పట్టుకోండి.